ఆటోనగర్‌లో పాత ర్యామ్ ఎక్స్‌ట్రూడర్ బేరమాడుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పేరు రాయను. గాజువాక ఆటోనగర్‌లో ప్లాస్టిక్ పని చేసేవాళ్ళకి ఆ షెడ్డు ఎవరిదో ఈపాటికి తెలిసే ఉంటుంది. టెఫ్లాన్ రాడ్లు తీసే పాత ర్యామ్ మెషిన్, 4,80,000 పోసి కొన్నాను. బిల్లు అడిగితే "మన మధ్య బిల్లేంటండీ" అన్నాడు. నేనూ ఇకిలించి ఊరుకున్నాను.

టెఫ్లాన్ కరిగినా పారదు కదా, మామూలు మెషిన్లలో ఉండే స్క్రూ దాన్ని ముందుకి తొయ్యలేదు. ర్యామ్‌తో, అంటే ముందుకీ వెనక్కీ ఆడే కడ్డీతో, పౌడర్‌ని దెబ్బ దెబ్బకీ కుక్కాల్సిందే. ఆ మాత్రం తెలుసు నాకు. తెలిసీ ఎలా పడ్డానో వినండి. ట్రయల్లో నా చేత్తోనే పౌడర్ పోయించాడు. పావుగంటలో నున్నటి తెల్ల రాడ్డు బయటికొచ్చింది. మురిసిపోయి ఫోటో కూడా తీసుకున్నాను. డై, అంటే పౌడర్ రాడ్డుగా మారే వేడి గొట్టం, మీటరు పొడవు, మెషిన్ గంటకి రెండు మీటర్లు నడుస్తోంది. నేను పోసిన పౌడర్ అవతలికి రావాలంటే అరగంట పట్టాలి! బయటికొచ్చింది ముందే డైలో దూర్చి ఉంచిన మంచి రాడ్డు. చిన్నపిల్లాడైనా వేసే లెక్క. టీ తాగుతూ కూర్చున్నాను మహానుభావుణ్ణి.

మా షెడ్డులో తీసిన మొదటి రాడ్డు గోరుతో గీస్తే సుద్దలా రాలింది. మోకాలికి ఆనించి వంచానో లేదో, మారీ బిస్కెట్లలా బిళ్ళలు బిళ్ళలుగా ఊడిపోయింది. ఒక్కో స్ట్రోకుకి ఒక్కో బిళ్ళ. వేడిని చూపించే కంట్రోలర్ చూస్తే దర్జాగా 370 డిగ్రీలు చూపిస్తోంది. పక్క షెడ్డు ఎలక్ట్రీషియన్ తన థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి చూస్తే 310. కొత్త పౌడర్ 342 దాటితే గానీ కరగదు. అతను కంట్రోలర్ బటన్లు నాలుగు నొక్కి, నా మొహం వంక చూసి, "ఆఫ్‌సెట్ 60 పెట్టారు సార్" అన్నాడు. అంటే అసలు వేడికి 60 కలిపి చూపించేలా.

డై చుట్టూ బిగించే హీటర్ బ్యాండ్లు రెండు కాలిపోయాయి. అవి మార్చకుండా అంకె మార్చి అమ్మాడు! పాత సరుకని తెలిసే కొన్నాను, అరిగిందంటే సర్దుకునేవాణ్ణి. కూర్చుని, బటన్లు నొక్కి, అబద్ధం ఫీడ్ చేశాడు చూడండి, అదీ నాకు మండుతున్నది.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "అయితే 430 పెట్టుకోండి. ముందు పౌడర్‌తో పని నేర్చుకోండి, తర్వాత మెషిన్‌ని అందురుగాని." రేపు ఎవరో ఆ ఆఫ్‌సెట్ తీసేసి, హీటర్లు మార్చి, అలవాటుగా అదే 430 పెడితే? 400 దాటాక టెఫ్లాన్ వదిలే పొగ పీల్చేది మా కుర్రాళ్ళు. 2020 మేలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీక్ చూసిన ఊరు ఇది. ఇక్కడి మనిషేనా ఆ మాట అనేది!

కొనేవాళ్ళకి చెప్పేదేముంది. కొద్దిగా రంగు కలిపిన పౌడర్ పట్టుకెళ్ళి పోయండి, ఆ రంగు రాడ్డులో కనబడేదాకా అక్కణ్ణించి కదలకండి. థర్మోకపుల్ మీదే తీసుకెళ్ళండి. టీ వద్దనండి.

వెనక్కి మాత్రం తీసుకోడట, తేల్చేశాడు. డైకి సరిపడే హీటర్ బ్యాండ్లు విశాఖలో ఎవరైనా చేసిస్తుంటే చెప్పండి, హార్బర్ వాళ్ళ బుష్‌ల ఆర్డరు ఆగిపోయి కూర్చుంది.