జావాలో కెర్బెరోస్: ఏళ్ల తరబడి వాడాక

ఆఫీసు లోపల నడిచే జావా అప్లికేషన్లకు కెర్బెరోస్ (పాస్‌వర్డ్ పంపకుండా, టికెట్ చూపించి ఎవరో రుజువు చేసుకునే పద్ధతి) లాగిన్ పెట్టడం, దాన్ని చూసుకోవడం నా పనిలో భాగం. జావా వెర్షన్ 8 ఉన్నప్పటి నుంచి వెర్షన్ 17 దాకా ఇదే తంతు. నడిచినన్నాళ్లూ దాని ఊసే ఉండదు. ఆగిందా, తప్పు ఒకచోట, ఎర్రర్ మరోచోట.

విడిగా లైబ్రరీ ఏదీ తెచ్చుకోనక్కర్లేదు. 2002లో వచ్చిన జావా 1.4 నుంచే దీనికి కావలసిన జేజీఎస్‌ఎస్ (టికెట్ల మార్పిడి చూసేది), జాస్ (లాగిన్ చూసేది) రెండూ అందులోనే ఉన్నాయి. ఒక ఫైల్లో రెల్మ్ (కెర్బెరోస్ పరిధి) పేరు (మామూలుగా పెద్ద అక్షరాల్లో), కేడీసీ (టికెట్లు ఇచ్చే సర్వర్) చిరునామా; ఇంకో ఫైల్లో కీట్యాబ్ (అకౌంట్ రహస్య కీలు దాచిన ఫైల్) ఎక్కడుందో రాస్తే చాలు, పాస్‌వర్డ్ అడగకుండా సర్వర్ లేస్తుంది.

విసుగంతా ఇక్కడే: టెర్మినల్లో కేఇనిట్ (టికెట్ తెచ్చే కమాండ్) కొడితే టికెట్ చక్కగా వస్తుంది, జావా మాత్రం టికెట్టే లేదంటుంది. కొన్ని లినక్స్‌లలో టికెట్ కెర్నల్ కీరింగ్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ తన మెమరీలో కీలు దాచుకునే చోటు) వెళ్తుంది. జావా వెతికేది ఫైల్లో. టికెట్ దాచే చోటును (క్యాష్) ఫైల్‌కి మారిస్తే సర్దుకుంటుంది. కానీ ఆ ముక్క ఎర్రర్లో ఎక్కడా ఉండదు.

‘చెక్‌సమ్ ఫెయిల్డ్’ అనే ఎర్రర్ ఇంకా ఘోరం. నెట్‌వర్క్‌లో డేటా పాడైందేమో అనిపిస్తుంది. నేను చూసినంతలో దానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఆఫీసు అకౌంట్లుండే డైరెక్టరీలో సర్వీస్ అకౌంట్ (అప్లికేషన్ వాడే అకౌంట్) పాస్‌వర్డ్ ఎవరో మార్చారు, సర్వర్‌లో పాత కీట్యాబే ఉండిపోయింది. సూటిగా మాట్లాడేది ‘క్లాక్ స్క్యూ టూ గ్రేట్’ ఒక్కటే; రెండు మెషీన్ల గడియారాలు (డిఫాల్ట్‌గా) 5 నిమిషాలకు మించి తేడా పడ్డాయని దాని అర్థం. మిగతావాటికి కెర్బెరోస్ డీబగ్ ఆన్ చేసి, ఏ ఎన్‌క్రిప్షన్ రకం అడిగారో, ఏది దొరికిందో లాగ్‌లో చూసుకోవాల్సిందే. లాగ్ చాంతాడంత వస్తుంది, అయినా పనికొస్తుంది.

జావా 17కి మారేటప్పుడు ఒక సంగతి ముందే చూసుకోండి. పాత ఎన్‌క్రిప్షన్ రకాలైన ఆర్‌సీ4, ట్రిపుల్ డెస్ రెండూ అందులో డిఫాల్ట్‌గా పనిచేయవు. ఆర్‌సీ4తో మాత్రమే చేసిన పాత కీట్యాబ్‌లు ఆ రోజే ఆగిపోతాయి. బలహీన క్రిప్టోను అనుమతించే సెట్టింగ్ ఒకటుంది, దాంతో వెంటనే నడుస్తాయి కూడా. నేనైతే అది పెట్టను, బలమైన ఏఈఎస్ రకంతో కొత్త కీట్యాబ్ చేయించుకుంటాను. జావా 8లో పాత అప్‌డేట్లయితే ఏఈఎస్-256 కోసం పాలసీ ఫైళ్లు విడిగా వేయాల్సి వచ్చేది. 8యూ161 (జావా 8, అప్‌డేట్ 161) నుంచి ఆ బాధ లేదు.

హడూప్, కాఫ్కా (భారీ డేటాను నడిపే వ్యవస్థలు), యాక్టివ్ డైరెక్టరీ (మైక్రోసాఫ్ట్ అకౌంట్ల డైరెక్టరీ) కలిసి ఉన్నచోట దీన్ని కళ్లు మూసుకుని వాడతాను. బయటి జనం కూడా వచ్చే వెబ్‌సైట్‌కైతే దీని జోలికి పోను, అక్కడ ఓపెన్ఐడీ కనెక్ట్ (వెబ్‌లో లాగిన్ కోసం వాడే పద్ధతి) నయం.