కాజీపేట నుంచి వరంగల్‌కు షేర్ ఆటో: అయిదుకి మూడు

ఇంటి ముందు కారు పెట్టుకుని షేర్ ఆటోకి రివ్యూ రాస్తున్నావా అని మా ఆవిడ నవ్వింది. దీనికి కారణం ఆమె చీరలే. పోయిన నెల వరంగల్ చౌరస్తాలో చీరలు కొందామని కారులో బయల్దేరితే, కాజీపేట నుంచి అక్కడికి చేరడం ఒక ఎత్తు, బండి పెట్టుకోవడానికి జాగా వెతకడం ఇంకో ఎత్తు అయింది. ఆమెను షాపు ముందు దింపి, ఎంజీఎం ఆస్పత్రి దాకా పోయి, రెండు సందులు తిరిగి, ఎక్కడో పెట్టి నడుచుకుంటూ వచ్చేసరికి బిల్లు కూడా కట్టేసింది. ఆ రోజు నుంచి వరంగల్‌లో పనుంటే కారు తాళాలు గోడకే వేలాడుతున్నాయి.

ఇక ఆటో. కాజీపేటలో రోడ్డు మీదికి రాగానే "హన్మకొండ, హన్మకొండ, ఒక్కరే ఒక్కరే" అని పిలుస్తారు. ఆ ఒక్కరం మనం ఎక్కాక ఇంకో ఇద్దరు ఎక్కుతారు, అది వేరే సంగతి. నేను హన్మకొండ చౌరస్తాలో దిగి ఇంకో ఆటో మారాను, రెండిటికీ కలిపి 40 రూపాయలు. ఎక్కడా అయిదు నిమిషాలు కూడా నిలబడలేదు. చెయ్యెత్తిన చోట ఆగుతుంది, "అదాలత్ కాడ ఆపన్నా" అంటే ఆపుతాడు. కానీ వెనక సీట్లో నలుగురం, డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు, "జర జరుగన్నా, అక్క కూసుంటది" అంటే ఇంకెక్కడికి జరగాలో తెలియదు. డ్రైవర్ పక్కన కూర్చున్నాయన సగం గాల్లోనే ఉన్నాడు. ఒక మార్కు అక్కడే పోయింది.

రెండో మార్కు టైముకి. అందులో ఆటో తప్పేం లేదు. ములుగురోడ్డు దగ్గర ఏడుగురిని మోస్తున్న మా ఆటో ముందు ఒక్కొక్కరే కూర్చున్న కార్లు వరసగా ఆగి ఉన్నాయి. మొన్నటిదాకా ఆ వరసలో నేనూ ఉన్నవాణ్ణే కాబట్టి తిట్టలేకపోయాను.

అప్పుడు కలకత్తా ట్రాము గుర్తొచ్చింది. అక్కడికి పోయినప్పుడు ఎస్ప్లనేడ్ నుంచి శ్యాంబజార్ దాకా ఎక్కాను. చెక్క సీట్లు, పైన ఫ్యాను, పది రూపాయలు కూడా కాని టికెట్. కాలేజ్ స్ట్రీట్ దగ్గర ఒక వ్యాను పట్టాల మీద ఆగింది, అంతే, ట్రాము కూడా ఆగింది. బస్సయితే పక్క నుంచి తప్పించుకుని పోతుంది, పట్టాల మీద బండి ఎటు తిరుగుతుంది? కండక్టర్ గంట కొడుతూనే ఉన్నాడు, వ్యాను డ్రైవర్ సామాను దింపుతూనే ఉన్నాడు. 1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటుకు మారి, ఇన్నేళ్లు నడిచిన ఆ ట్రాముల్ని మైదాన్ దగ్గరి చిన్న ముక్క మినహా ఆపేస్తామని అక్కడి ప్రభుత్వం 2024లో ప్రకటించింది. కారణం, ట్రాఫిక్‌కి అడ్డమట! అడ్డం ఎవరు ఎవరికొచ్చారో ఆ రోజు నేను కళ్లారా చూశాను.

మద్రాసు ట్రాములు 1953లో, అంటే ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన ఏడాదే ఆగిపోయాయి, బొంబాయివి 1964లో. అమెరికాలో అయితే కార్ల కంపెనీలు కుట్ర చేసి ట్రాముల్ని మింగేశాయని చెప్పుకుంటారు. అందులో కొంత నిజముంది, 1949లో జనరల్ మోటార్స్‌కి కోర్టు శిక్ష కూడా వేసింది, జరిమానా 5,000 డాలర్లు, అంతే. అయితే ఆ కేసులో రుజువైంది, ట్రాముల్ని కొనేసిన బస్సు కంపెనీలు తమ దగ్గరే బస్సులు, సామాను కొనేలా కట్టడి చేశారన్నది. ట్రాములు అప్పటికే నీరసించాయి. చాలా ఊళ్లలో టికెట్ అయిదు సెంట్ల దగ్గరే కట్టేశారు, పట్టాల మధ్య రోడ్డు బాగుచేసే ఖర్చు కూడా ట్రాము కంపెనీ నెత్తినే పెట్టారు, పైగా ఆ పట్టాల మీదికి కార్లను వదిలారు. ముందు దారి మూసి, తర్వాత మెల్లగా పోతోందని పేరు పెట్టడం. లాస్ ఏంజెలెస్‌లో చివరి ట్రాము 1963లో ఆగింది.

మన దగ్గర పట్టాలే లేవు. నిజాం రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులతో మొదలుపెట్టారు, అప్పటి నుంచి బస్సే. కానీ మన ఊరు ఆకారం చూడండి, కాజీపేట, హన్మకొండ, వరంగల్, మూడూ ఒకే దారికి గుచ్చిన పూసల్లా ఉంటాయి, మొత్తం కలిపి పది పన్నెండు కిలోమీటర్లు. ట్రాము కోసమే కట్టినట్టుంది. మెట్రో నియో, అంటే పట్టాలు లేకుండా టైర్ల మీద నడిచే కరెంటు బండి, వస్తుందని పేపర్లో చదివి చదివి విసుగొచ్చింది. అది వచ్చేదాకా ఆ పని చేస్తున్నది ఈ షేర్ ఆటోనే, అదీ ఎవరూ లైను గీయకుండానే. బస్సులకీ ఆటోలకీ ఒక వరస వదిలేసి చూస్తే ములుగురోడ్డు దగ్గర ఎంత టైము మిగులుతుందో.

మా అమ్మకి ఇవేవీ పట్టవు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కాబట్టి ఆధార్ కార్డు కొంగున కట్టుకుని బస్సు కోసమే నిలబడుతుంది, ఆటోకి పైసలు దండగంటుంది.

ఎక్కేవాళ్లకి: చిల్లర పెట్టుకోండి. డ్రైవర్ పక్కన కూర్చోకండి, వెనక ఖాళీ ఉన్న ఆటో రెండు నిమిషాల్లో వస్తుంది. చీరల సంచులుంటే మాత్రం, తిరుగు ప్రయాణానికి మనిషికి రెండు సీట్ల డబ్బులు అడుగుతారు, మేం ఇచ్చాం.