మిర్చి తామర పురుగుకు రిజిస్ట్రేషన్ లేని ‘బయో’ మందు అంటగడుతున్నారు: కొనే ముందు సీసా చూసుకోండి

మిర్చి రైతులకు మనవి. మా ప్రాంతంలోని ఒక పురుగుమందుల దుకాణంలో నల్ల తామర పురుగుకు (త్రిప్స్‌కు) సిఫారసు చేసిన మందు అడిగితే, ఆ సరుకు అయిపోయిందని చెప్పి, అంతకన్నా ఖరీదైన ‘బయో’ సీసా ఒకటి ఇచ్చారు. ఒక్క పిచికారీతో గుడ్డు, పిల్ల, పెద్ద పురుగు అన్నీ పోతాయని, రాలే పూత నిలుస్తుందని హామీ కూడా ఇచ్చారు. కొట్టిన మర్నాడు పువ్వుల్లో పురుగు పలచబడిన మాట నిజమే. కానీ వారం తిరక్కముందే పువ్వు విప్పి తెల్ల కాగితం మీద దులిపితే మళ్లీ నల్లగా పాకుతూ కనిపించాయి, పూత మునుపటికన్నా ఎక్కువగా రాలింది. దుకాణంలో అడిగితే మందు మంచిదేనని, మా పిచికారీయే సరిగా లేదని జవాబిచ్చారు.

ఆ హామీ నిలబడదని ఈ పురుగు జీవితచక్రం తెలిసినవారెవరైనా చెప్పగలరు. తల్లి పురుగు గుడ్లను ఆకు పైన పెట్టదు, లేత కణజాలాన్ని చీల్చి లోపలికి దించుతుంది. పిల్ల పురుగులు రెండు దశల్లో ఆకును, పువ్వును గోకి రసం పీల్చి, ఆ తర్వాత చాలావరకు నేల మీదికి రాలి, మట్టిలో ప్యూపా దశ (పెద్ద పురుగుగా మారే ముందు దశ) గడుపుతాయి. అంటే మనం ఆకు మీద ఎంత బాగా తడిపినా, గుడ్డుకూ మట్టిలోని ప్యూపాకూ మందు సరిగా అందదు. కొద్ది రోజుల్లోనే వాటి నుంచి కొత్త తరం బయటికి వస్తుంది. పైగా ఇది ఆకును పైకి ముడిచే మన పాత తామర పురుగు కాదు. ఆగ్నేయాసియాకు చెందిన ఈ జాతి మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట నమోదైంది, 2021–22లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిర్చి తోటలను దెబ్బతీసింది. ఇది ప్రధానంగా పువ్వుల్లో గుంపులుగా చేరుతుంది కాబట్టి నష్టమంతా పూతలోనూ పిందెలోనూ కనిపిస్తుంది. ఆ సంవత్సరపు భయం రైతుల్లో ఇంకా పోలేదు, ఇలాంటి సీసాలకు గిరాకీ అక్కడి నుంచే వస్తోందని నా అభిప్రాయం.

ఇక సీసా సంగతి. దాని మీద కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు లేదు, విష తీవ్రతను తెలిపే రంగు త్రికోణం లేదు. మొక్క ఎదుగుదలకు తోడ్పడే జీవ ఉత్ప్రేరకమని మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం పురుగును చంపుతుందని అమ్మేదానికి, అది వేప మందైనా, పురుగును చంపే బవేరియా అనే శిలీంధ్రమైనా, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జీవ ఉత్ప్రేరకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చినప్పుడు, వాటిలో పురుగుమందు 0.01 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.01 భాగం) మించరాదని నిబంధన పెట్టారు. మరి మర్నాడే పురుగు పడిపోయిందంటే అందులో చెప్పని రసాయనం ఏదో కలిపారని అనుమానించక తప్పదు. అది ఏదో తెలియకపోతే తర్వాతి పిచికారీకి వేరే తరగతి మందు (పురుగు మీద మరో విధంగా పనిచేసేది) ఎంచుకోవడం కుదరదు. ఒకే తరగతి మందు మళ్లీ మళ్లీ పడితే పురుగు తట్టుకునే శక్తి పెంచుకుంటుంది. తామర పురుగును తినే మిత్ర పురుగులు కూడా దాంతోపాటు చచ్చిపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, కొట్టాక ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలో లేబుల్ చెప్పదు, కాయలో మందు అవశేషాలు పరిమితికి మించి దొరికితే ఎగుమతి సరుకు తిరస్కరణకు గురికావచ్చు.

కాబట్టి డబ్బు చెల్లించే ముందే రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, లేబుల్ మీద మిర్చి పేరు, తామర పురుగు పేరు ఉన్నాయో లేదో చూడండి. బ్యాచ్ నంబరు రాసిన బిల్లు అడగండి. తెల్ల చీటీ మీద లెక్క రాసిచ్చే చోట ఎంత తక్కువ ధరైనా కొనవద్దు. ఇప్పటికే కొన్నవారు ఖాళీ సీసాను, మిగిలిన మందును, బిల్లును పారేయకుండా దాచి, మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, అదే దుకాణంలో విప్పని సీసాలుంటే నమూనా తీయమని ఆ ఫిర్యాదులోనే కోరండి. డబ్బు వాపసు కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయవచ్చు.