వైరు కోయకుండా కరెంటు: ఒక ఫ్యూజ్ ట్యాప్ కిట్‌పై సమీక్ష

కారులో డ్యాష్‌క్యామ్, అదనపు యూఎస్‌బీ చార్జరు, కాళ్ల దగ్గర వెలిగే చిన్న ఎల్‌ఈడీ దీపం వంటివి అమర్చుకోవాలనుకున్న వారెవరికైనా మొదట ఎదురయ్యే ప్రశ్న వాటికి కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నదే. సిగరెట్ లైటర్ సాకెట్టులో ప్లగ్గు పెడితే పని జరుగుతుంది గానీ, ఆ సాకెట్టు ఇక మరి దేనికీ దొరకదు, డ్యాష్‌బోర్డు మీద తీగ వేలాడుతూనే ఉంటుంది. డ్యాష్‌బోర్డు కింద చేతికందిన వైరు తొడుగు గీకి, దానికి మరో వైరు మెలిపెట్టి టేపు చుట్టడం పాత పద్ధతి. ఎండకు టేపు జిగురు కరిగి ఊడిన రోజున ఆ పద్ధతి అసలు రంగు బయటపడుతుంది. వైరును కోయకుండా పైనుంచి బిగించి నొక్కే ప్లాస్టిక్ క్లిప్పులు చూడడానికి నీటుగా ఉన్నా, లోపలి రేకు రాగి పోగులను కొంత కోసేస్తుంది. కుదుపులకు కాలక్రమంలో పట్టు వదులవుతుంది. ఈ అవస్థలన్నీ తప్పించుకోవడానికి నేను కొన్న ఫ్యూజ్ ట్యాప్ కిట్‌ను మూడు నెలలుగా వాడుతున్నాను. ఇదే సరుకు అనేక పేర్లతో అమ్ముడవుతోంది కనుక పేరు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు; కొనేటప్పుడు, బిగించేటప్పుడు ఏమి చూడాలో చెబుతాను.

ఫ్యూజ్ ట్యాప్ పని తీరు సులభమైనది. ఫ్యూజ్ బాక్సులో ఒక ఫ్యూజును పీకి, దాని చోట ఈ ట్యాపును గుచ్చుతాము. ట్యాపులో రెండు గూళ్లు ఉంటాయి. కాళ్లకు దగ్గరగా ఉన్న గూటిలో పీకిన పాత ఫ్యూజును, రెండో గూటిలో మన పరికరానికి సరిపడే కొత్త ఫ్యూజును పెడితే, ట్యాపు నుంచి వెలువడే వైరులో మనకు కావలసిన కరెంటు వస్తుంది. కంపెనీ వైరింగులో ఒక్క పోగు కూడా తెగదు; ఎప్పుడైనా వద్దనుకుంటే ట్యాపు పీకి, పాత ఫ్యూజును దాని చోట పెడితే కారు మునుపటిలాగే ఉంటుంది.

నా కిట్‌లో నాలుగు కొలతల ట్యాపులు, వాటికి కొన్ని ఫ్యూజులు, క్రింపు చేసే (ప్లయరుతో నొక్కి వైరుకు బిగించే) జాయింట్లు, ఎర్త్ (కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) కోసం గుండ్రటి టెర్మినల్, చిన్న టెస్ట్ ల్యాంప్, బ్యాటరీ వోల్టేజీ పడిపోతే సరఫరా ఆపేసే డబ్బీ ఒకటి ఉన్నాయి. నాలుగు కొలతలు ఇవ్వడం ఈ కిట్‌లోని మొదటి సుగుణం, ఎందుకంటే బ్లేడు ఫ్యూజులన్నీ ఒకటి కావు. మామూలు బ్లేడు, మినీ, పొట్టి మినీ, మైక్రో 2 అనే రకాలు ఒకే బాక్సులో పక్కపక్కనే ఉండవచ్చు. మినీకీ పొట్టి మినీకీ కాళ్ల మధ్య దూరం ఒకటే అయినా పొడవు వేరు. తొందరలో ఒకదాని చోట మరొకటి దిగినట్టే దిగి, అడుగున సరిగ్గా పట్టుకోదు. మూడు కాళ్లుండే మైక్రో 3 ఫ్యూజుకు మాత్రం ఈ కిట్‌లోని ఏ ట్యాపూ పనికిరాదు. ఆ సంగతి పెట్టె మీద ముద్రించి ఉండవలసింది. కొనే ముందు మీ బాక్సులోని ఫ్యూజును పీకి చేతిలో పెట్టుకుని కొలవడం మంచిది.

ఈ కిట్‌పై నాకున్న పెద్ద ఫిర్యాదు దాని సూచనల కాగితం. ట్యాపును ఏ వైపుగా గుచ్చాలన్న విషయం అందులో ఒక్క ముక్క కూడా లేదు. ఎటు గుచ్చినా చార్జరు పనిచేస్తుంది కాబట్టి చాలామంది అంతటితో తృప్తిపడతారు. మొదటి వారం నేనూ అలాగే తృప్తిపడ్డాను. కానీ తేడా చిన్నది కాదు. ఫ్యూజ్ బాక్సులోని ప్రతి స్లాటులోనూ ఒక వైపు బ్యాటరీ నుంచి కరెంటు వచ్చే కొన, రెండో వైపు పరికరానికి పోయే కొన ఉంటాయి. ట్యాపు రెండు కాళ్లలో ఒకటి రెండు ఫ్యూజులకూ ఉమ్మడిది, రెండోది పాత ఫ్యూజుకు మాత్రమే చెందినది. ఉమ్మడి కాలు కరెంటు వచ్చే వైపున దిగితే, అక్కడి నుంచి దారి రెండుగా చీలి, పాత పరికరం తన ఫ్యూజు మీదుగానూ మన పరికరం తన ఫ్యూజు మీదుగానూ కరెంటు తీసుకుంటాయి. తిరగేసి గుచ్చితే మన పరికరానికి వెళ్లే కరెంటు కూడా ముందు పాత ఫ్యూజులోంచే వెళ్లాలి.

దాని పర్యవసానం లెక్కలో చూస్తే తెలుస్తుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న స్లాటులో అసలు పరికరం 7 ఆంపియర్లు తీసుకుంటోందని, మనం మరో 4 ఆంపియర్లు తగిలించామని అనుకుందాం. తిరగేసిన ట్యాపులో పాత ఫ్యూజు మీద 11 ఆంపియర్లు పడతాయి. అది వెంటనే ఎగిరిపోతే మేలే, కానీ ఎగరదు. బ్లేడు ఫ్యూజు తన అంకెకు 110 శాతం కరెంటును 100 గంటలు మోసేలా తయారవుతుంది. 135 శాతం దగ్గర కూడా అది కరగడానికి ముప్పావు సెకను నుంచి 10 నిమిషాల వరకు పట్టవచ్చు. అంటే ఫ్యూజు, దాని కొనలు రోజుల తరబడి వేడెక్కుతూ ఉండి, ఎప్పుడో ఒకనాడు ప్రయాణం మధ్యలో ఫ్యూజు పోతుంది. దానితోపాటు కారులోని అసలు పరికరమూ ఆగిపోతుంది. చార్జరు పెట్టించుకున్నందుకు కారు ఆడియో మూగబోవడం ఎవరికి బాగుంటుంది?

సరిచూసుకునే పద్ధతి మాత్రం తేలికే. ట్యాపు బిగించాక దానిలోని పాత ఫ్యూజును ఒక్కదాన్నే పీకి చూడాలి. మన పరికరం ఇంకా పనిచేస్తుంటే ట్యాపు సరిగ్గా ఉన్నట్టు, ఆగిపోతే తిరగేసి ఉన్నట్టు. అసలు ముందే తేల్చుకోవాలంటే, ట్యాపులో కొత్త ఫ్యూజు మాత్రమే పెట్టి, దాని వైరుకు ఏ కాలికి మధ్య కంటిన్యుయిటీ (దారి తెగకుండా కలిసి ఉందన్న సూచన) వస్తుందో మల్టీమీటరుతో చూస్తే ఆ కాలే ఉమ్మడిది. దాని మీద మార్కరుతో ఒక గీత పెట్టుకుంటే సరిపోతుంది. సరైన వైపున గుచ్చినంత మాత్రాన ఎంతైనా లాగవచ్చని అర్థం కాదు. ఆ స్లాటుకు కరెంటు తెచ్చే వైపు ఇప్పుడు రెండు పరికరాల భారమూ మోస్తోంది కనుక, తక్కువ వాడకం ఉన్న స్లాటునే ఎంచుకోవాలి.

స్లాటు ఎంపికే ఈ పనిలో అసలు విద్య. కొన్ని స్లాట్లలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, కొన్నింటిలో తాళం ఏసీసీ (ఇంజిన్ నడవకపోయినా ఆడియో వంటివి పనిచేసే) స్థానానికి తిప్పితే వస్తుంది, మరికొన్నింటిలో ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే వస్తుంది. డీఐఎన్ 72552 అనే జర్మన్ ప్రమాణంలో ఎప్పుడూ ఉండే బ్యాటరీ కొనకు 30, ఇగ్నిషన్‌తో వచ్చే కొనకు 15, ఎర్త్‌కు 31 అని సంఖ్యలున్నాయి. యూరప్ కార్ల వైరింగ్ బొమ్మల్లో ఈ అంకెలు కనిపిస్తే ఇక వెతుకులాట ఉండదు. ఏసీసీ స్లాటుతో ఒక చిక్కుంది: స్టార్టరు తిరుగుతున్నంతసేపు ఆ సరఫరా ఆగుతుంది కాబట్టి, డ్యాష్‌క్యామ్ ఒకసారి వెలిగి, ఆరి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అది పరికరంలో లోపమని భావించి దుకాణానికి తిరిగి ఇచ్చేవారూ ఉంటారు.

కొత్త కార్లలో ఇంకో మెలిక ఉంది. తాళం తీసి తలుపులు వేసిన తర్వాత కూడా లోపలి కంట్రోల్ యూనిట్లు నిద్రలోకి జారడానికి కొంత వ్యవధి తీసుకుంటాయి, అంతవరకు కొన్ని స్లాట్లలో కరెంటు ఉంటుంది. కారు ఆపిన వెంటనే పరీక్షించి "ఇది ఎప్పుడూ లైవ్‌గా ఉండే స్లాటు" అని నేను రాసుకున్న వాటిలో ఒకటి, అరగంట తర్వాత చూస్తే చల్లగా పడుకుని ఉంది. అందుచేత బానెట్టు, తలుపులు మూసి, తాళం చెవి దూరంగా పెట్టి, కనీసం అరగంట ఆగి రెండోసారి పరీక్షించనిదే ఏ స్లాటు గురించీ నిర్ణయానికి రాకూడదు.

ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటరు, ఇంధన పంపు, స్టీరింగ్, హెడ్‌ల్యాంపులు, బ్రేకు లైట్ల స్లాట్ల జోలికి వెళ్లనే కూడదు. పవర్ సాకెట్టు, ఆడియో, సన్‌రూఫ్, సీటు హీటరు వంటివి ఆగిపోయినా బండి నడుస్తుంది కనుక అవి తగినవి. ఫ్యూజు లేని ఖాళీ స్లాట్లు ఇంకా మంచివి, అయితే వాటిలో కొన్నింటికి లోపల లోహపు కొనలే ఉండవు. నా బాక్సులో ఒక ఖాళీ స్లాటు మల్టీమీటరులో 11 వోల్టులు చూపించింది గానీ, చార్జరు తగిలించగానే అది 3 వోల్టులకు జారిపోయింది. మీటరు తనలోకి దాదాపుగా కరెంటే లాగదు కాబట్టి నీరసమైన దారి కూడా దానికి నిండుగా కనిపిస్తుంది. ఒకే పోగు మిగిలిన వైరైనా మీటరుకు 12 వోల్టులే.

ఈ కారణంగానే కిట్‌లోని టెస్ట్ ల్యాంప్ మీద నాకు సగం మెప్పే ఉంది. అందులో ఉన్నది ఎల్‌ఈడీ; కొద్ది మిల్లీ ఆంపియర్లకే వెలుగుతుంది, కనుక సరఫరాకు బలం ఉందో లేదో చెప్పలేదు. ఫిలమెంటు బల్బు ఉన్న పాతకాలపు టెస్ట్ ల్యాంప్ అయితే నిజమైన లోడు పెడుతుంది. అదే గుణం ఎయిర్‌బ్యాగ్ వైర్ల దగ్గర ప్రమాదమవుతుంది. పసుపు రంగు తొడుగు, కనెక్టరు కనిపించిన చోట ఏ ల్యాంపునూ ముట్టించకూడదు. ఒకదానితో ఒకటి మెలివేసుకున్న సన్నని జంట వైర్లు కూడా కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ లైన్లు కావచ్చు, వాటిలో ఉండేది దాదాపు 2.5 వోల్టులే, కరెంటు కోసం వాటిని గుచ్చడం అనవసరపు పేచీ.

కిట్‌లో నాకు బాగా నచ్చిన వస్తువు వోల్టేజీ కటాఫ్ డబ్బీ. పసుపు వైరు ఎప్పుడూ ఉండే సరఫరాకు, ఎరుపు ఏసీసీకి, నలుపు ఎర్త్‌కు కలపాలి. పార్కింగులో ఉన్నప్పుడు నా డ్యాష్‌క్యామ్ సుమారు 0.25 ఆంపియరు వాడుతుంది. రోజుకు 6 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు రోజులు కదలకుండా ఉంటే సగానికి పైగా ఖాళీ అయి, ఐదోనాడు స్టార్టరు మూలుగుతుంది. నిండుగా ఛార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు, దాదాపు సగానికి వచ్చాక 12.2 వోల్టులు చూపుతుంది. డబ్బీలో 11.8, 12.0, 12.2 అని మూడు స్థానాలు ఉన్నాయి. అది పెట్టెలోంచి వచ్చినప్పుడు 11.8 దగ్గర ఉంది. ఆ వోల్టేజీకి బ్యాటరీ దాదాపు అడుగంటినట్టే కనుక నేను వెంటనే 12.2కు మార్చాను. రికార్డింగు కొన్ని గంటలు తగ్గినా ఉదయం బండి కదులుతుంది.

ఎర్త్ విషయంలో కిట్‌తో వచ్చిన గుండ్రటి టెర్మినల్ సరిపోయింది. రంగు పూసిన బోల్టు కింద కాక, బాడీ లోహానికి నేరుగా తగిలే బోల్టు కింద బిగించాలి. బ్యాటరీ నెగటివ్ కొన మీద కరెంటును కొలిచే సెన్సారు ఉన్న కార్లలో నేరుగా ఆ కొనకు వైరు కలిపితే మన పరికరం వాడే కరెంటు సెన్సారు లెక్కలోకి రాదు. అక్కడ బాడీ ఎర్తే సరైనది.

జాయింట్లు నాసిరకం. రెండింటిని చేత్తో లాగి చూస్తే వైరు బయటికి వచ్చేసింది. మంచి క్రింపింగ్ ప్లయరుతో, వేరే జాయింట్లతో మళ్లీ చేశాను. ఫ్యూజుల మీద తయారీదారు గుర్తేమీ లేనందున వాటినీ పక్కన పెట్టి, నమ్మకమైనవి వేశాను. చార్జరుకు 5, డ్యాష్‌క్యామ్‌కు 2 ఆంపియర్లు చాలు. ఫ్యూజు కాపాడేది ముందుగా వైరును కాబట్టి, పెద్ద అంకె వేయడంలో ఏ లాభమూ లేదు. ట్యాపు ఎత్తు వల్ల బాక్సు మూత పూర్తిగా పడదన్నది మరో ఇబ్బంది. పొట్టి మినీ ట్యాపుతో మాత్రమే నాకు మూత పడింది.

గాలి కంప్రెసరు, పెద్ద యాంప్లిఫయరు వంటి వాటికి ఈ కిట్ పనికిరాదు. ట్యాపు వైరు మీద 10 ఆంపియర్లే హద్దని రాసి ఉంది, నేనైతే 5 దాటను. అలాంటి వాటికి బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు వేసి, బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఫ్యూజు పెట్టి, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, ఆపే స్విచ్చు) ఉంచాలి. రిలేలో 30, 87 కొనల మీదుగా అసలు భారం వెళ్తుంది. 85, 86 కొనల మధ్య కాయిలుకు సుమారు 0.15 నుంచి 0.2 ఆంపియరు చాలు, ఆ కాస్త కరెంటును ట్యాపు నిశ్చింతగా ఇస్తుంది. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలోనూ 12 వోల్టుల ఫ్యూజ్ బాక్సు ఉంటుంది, ట్యాపు అక్కడా పనిచేస్తుంది. నారింజ రంగు కేబుళ్లు మాత్రం ప్రాణాంతకమైన అధిక వోల్టేజీవి, వాటి దగ్గరకు చేయి పోకూడదు.

మల్టీమీటరు పట్టుకోవడం వచ్చినవారు ఈ కిట్‌ను ట్యాపుల కోసం, కటాఫ్ డబ్బీ కోసం కొనవచ్చు. మిగతా సరుకును లెక్కలోకి తీసుకోవద్దు. మీటరు ముట్టనివారు బిగించే పని ఎలక్ట్రీషియనుకు అప్పగించి, పాత ఫ్యూజు పీకే పరీక్ష మాత్రం తమ ఎదుటే చేయించుకోవాలి. నేను ఏ స్లాటులో ఏ ట్యాపు ఉందో, ఉమ్మడి కాలు ఎటుందో, లోపల ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు ఉందో ఒక చీటీ మీద రాసి బాక్సు మూత లోపలి వైపు అంటించాను. మొన్న సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానిక్ ఆ చీటీ చదివి, ట్యాపులను కదపకుండా తన పని తాను చేసుకున్నాడు.