పాతిక వేలలో బీటెక్ లాప్‌టాప్: పాత థింక్‌ప్యాడ్ టీ480

ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పని చేసేవాడికి ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ముగిసిన మర్నాటి నుంచి బంధువుల ఫోన్లు మొదలవుతాయి. "మా వాడికి లాప్‌టాప్ కొనాలి, ఏది మంచిది?" అంటారు. ఏ బ్రాంచో చెప్పరు, ఎంత పెట్టగలరో చెప్పరు. ఆ విషయంలో మా అక్క నయం. "తమ్ముడూ, పాతిక వేలు. ఆ పైన ఒక్క రూపాయి అడగకు" అని తెగేసి చెప్పింది. మేనకోడలికి సీఎస్ఈలో సీటు వచ్చింది. నేను కొనిపించింది 2018 నాటి లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, రీఫర్బిష్డ్, అంటే ఒకరు వాడాక బాగుచేసి మళ్ళీ అమ్మేది. మొదటి ఏడాది చదువంతా దాని మీదే సాగింది కాబట్టి ఇప్పుడు దాని మంచిచెడ్డలు ధైర్యంగా రాయగలను.

బావకి ఇది మొదట్లో మింగుడుపడలేదు. సీలు విప్పని పెట్టె ఇంటికి రావాలి, దానికి బొట్టు పెట్టాలి, వచ్చినవాళ్ళకి చూపించాలి. ఆ ముచ్చట నేను కాదనను. కానీ ఆ ధరకి దొరికే సీలు పెట్టెల్లో ఏముంటుందో చూడాలి కదా. ఎక్కువగా రెండు కోర్ల సెలెరాన్ లాంటి చవక రకం ప్రాసెసర్లు. కొన్నింట్లో 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (ఎస్ఎస్‌డీ కన్నా నెమ్మదైన, చవక రకం) నిల్వ. విండోస్ 11 నడవడానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస అర్హత కూడా సరిగ్గా అదే. అంటే విండోస్ ఒక్కటీ లేచి నిలబడేసరికే ఆ యంత్రం సత్తా అయిపోతుంది. ఆ తరువాత పిల్ల ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వేసుకోవాలంటే కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. పెంచుదామని వెనక మూత విప్పితే, ఇలాంటి చాలా మోడళ్ళలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది. నాలుగేళ్ళ చదువుకి కొన్న వస్తువు రెండో ఏడాదికే చేతులెత్తేస్తే సీలు ఉండి ఏం లాభం?

టీ480 ఆఫీసుల కోసం చేసిన యంత్రం. పెద్ద కంపెనీలు ఇలాంటివి టోకున తీసుకుని, కొన్నేళ్ళు వాడి వదిలించుకుంటాయి. అవే శుభ్రపడి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే అందరూ సీటీసీ అనే చోటికి, చేరుతుంటాయి. మాకు దొరికిన దాని మూత మీద పాత ఆఫీసు స్టిక్కరు పీకిన జిగురు మరక ఇంకా ఉంది. లోపల ఎనిమిదో తరం కోర్ ఐ5, నాలుగు కోర్లు. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీతో 19,500 పడింది.

ఆ "ఎనిమిదో తరం" అన్నది మాత్రం గట్టిగా పట్టుకోవాలి. ఇంటెల్‌లో విండోస్ 11 కి అధికారిక మద్దతు దాదాపుగా అక్కడి నుంచే మొదలవుతుంది. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14 తో మామూలు మద్దతు ఆపేసింది. దీనికి ముందు మోడల్ టీ470 చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ అందులో ఉండేది ఆరో తరమో ఏడో తరమో, రెండే కోర్లు. దాంట్లో విండోస్ 11 ఎలాగోలా ఎక్కించి అమ్మేవాళ్ళున్నారు. కాబట్టి అమ్మేవాడి మాట పక్కన పెట్టి, సిస్టమ్ సమాచారంలో ప్రాసెసర్ పేరు చూడండి. ఐ5 తరువాత వచ్చే అంకె 8 తో మొదలవ్వాలి. పోనీ ఇంకా కొత్తదైన టీ490 తీసుకుందామా అంటే, అందులో కొంత ర్యామ్ బోర్డుకి అతికించారు, ఊడదీసే బ్యాటరీ కూడా ఎత్తేశారు. అందుకే నాకు టీ480 మీదే మనసు.

కొనేటప్పుడు జరిగిన ఒక ముచ్చట. మొదట వెళ్ళిన దుకాణంలో కుర్రాడు చాలా మర్యాదస్తుడు. కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. "బ్యాటరీ కొత్తదే సార్, నాలుగు గంటలకి ఢోకా లేదు" అన్నాడు. నేను చెబుతుంటే మేనకోడలు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి powercfg /batteryreport అని కొట్టింది. తయారైన నాటి సామర్థ్యం 24 వాట్-అవర్లు, ఇప్పుడు నిండా ఎక్కేది 9. కుర్రాడు తెరకేసి చూసి, "అది సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తోంది సార్" అన్నాడు. టీ తాగి లేచాం. ఈ రిపోర్టు ఏ విండోస్ లాప్‌టాప్‌లో అయినా వస్తుంది, అడగడానికి మొహమాటపడకండి.

పక్క దుకాణంలో మిగతావన్నీ చూశాం. ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కితే బయాస్, అంటే విండోస్ కన్నా ముందే లేచే సెట్టింగుల మెనూ, తెరుచుకోవాలి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే మారుమాట లేకుండా కింద పెట్టేయండి. పాత కంపెనీవాళ్ళు వేసిన ఆ తాళం తీయడం మామూలు మెకానిక్ పని కాదు. యూఎస్‌బీ-సీ పోర్టులు రెండున్నాయి, చార్జింగ్ రెండింట్లోనూ ఎక్కాలి. ఆ రెండింట్లో ఒకటి థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టు. ఈ తరం థింక్‌ప్యాడ్లలో దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) లోపం వల్ల ఆ పోర్టు పాడయ్యే ప్రమాదముందని లెనోవోయే సరిదిద్దే అప్‌డేట్ ఇచ్చింది. అది వేయని యంత్రాలు బజార్లో ఇంకా తిరుగుతుంటాయి. తెర మీద పూర్తి తెలుపు రంగు పెట్టి మచ్చలు వెతకండి. 1366 × 768 తెరలు కూడా ఈ మోడల్లో ఉన్నాయి. చవకైనా వద్దు, కోడు నాలుగు వరసలు కనిపించేసరికే తెర నిండిపోతుంది. ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు మారని రకం) తెర అడిగి తీసుకోండి.

ఇంటికి తెచ్చాక అసలు సరదా మొదలైంది. భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, మూత విప్పే పని పిల్లకే అప్పగించాను. ముందు బయాస్‌లోకి వెళ్ళి లోపలి బ్యాటరీని నిద్రపుచ్చాలి. దానికి మెనూలోనే ఏర్పాటుంది, మళ్ళీ చార్జర్ పెట్టగానే మేలుకుంటుంది. వెనక బ్యాటరీ ఊడదీసి స్క్రూలు వదులు చేస్తే అవి కింద పడవు, మూతనే పట్టుకుని ఉంటాయి. ఎవరి బుర్రో గానీ, కుర్చీల కింద స్క్రూలు వెతికిన వాళ్ళందరూ ఆయనకి దణ్ణం పెట్టాలి. అంచు వెంట పాత సిమ్ కార్డు దూర్చి లాగితే టకటకా క్లిప్పులు వదిలాయి. ఫ్యాన్ రెక్కల మీద బూడిదరంగు దూది పరిచినట్టు దుమ్ము. దాని పక్కన ఖాళీగా రెండో ర్యామ్ గడి. 1,700 పెట్టి తెచ్చిన 8 జీబీ ర్యామ్‌ని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కింది, రెండు పక్కలా కొక్కేలు పట్టుకున్నాయి. "అంతేనా మామయ్యా?" అంది. అంతే. ఇంటర్ రెండేళ్ళూ కంప్యూటర్ ముట్టుకోని పిల్ల.

ఇందులో బ్యాటరీలు రెండు, ఒకటి లోపల, ఒకటి వెనక. వెనకది టార్చిలైటు సెల్లు మార్చినట్టు మార్చుకోవచ్చు, అదీ యంత్రం ఆపకుండానే. మార్చేంతసేపు లోపలిది కాస్తుంది. మా దానిలో వెనకది అలిసిపోయి ఉంది, అది ముందే తెలిసి ధర తగ్గించుకున్నాం. 72 వాట్-అవర్ల పెద్దది 3,200 కి వేశాం. లాప్‌టాప్ వెనక భాగం కాస్త పైకి లేచి వాలుగా నిలుస్తుంది, టైపు చేయడానికి అదే హాయి అంటుంది మేనకోడలు. హాస్టల్లో ప్లగ్గు కోసం కొట్లాట లేకుండా ఒక రోజు క్లాసులు గడుస్తున్నాయి. మొత్తం ఖర్చు 24,400. మిగిలిన ఆరువందలు అక్క అడిగి మరీ తీసుకుంది.

వాడకం సంగతికి వస్తే, సీ, పైథాన్, మైఎస్‌క్యూఎల్, వీఎస్ కోడ్, ఇరవై ముప్పై ట్యాబులతో క్రోమ్, ఇవన్నీ నొప్పి లేకుండా నడుస్తాయి. సెలవుల్లో సరదాకి ఉబుంటు ఎక్కించాం, వైఫై సహా అన్నీ మొదటిసారే పలికాయి. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (తెర మీదే ఉత్తుత్తి ఫోను) తెరిస్తే మాత్రం ఫ్యాన్ గోల పెడుతుంది. కీబోర్డు గురించి ఎంత చెప్పినా తక్కువే. మీట లోతుగా దిగుతుంది, వేలికి తెలుస్తుంది. రికార్డులూ అసైన్‌మెంట్లూ గంటలకొద్దీ కొట్టే పిల్లలకి ప్రాసెసర్ కన్నా ఇదే ముఖ్యమని నా వాదన. ఒక్క చిరాకు, ఎడమ మూల కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్ఎన్ మీట ఉంటుంది. కాపీ చేయబోతే ఏమీ జరగదు. బయాస్‌లో ఆ రెండింటినీ తారుమారు చేస్తే తీరిపోతుంది.

బాగా లేనివీ ఉన్నాయి. తెర వెలుతురు తక్కువ, కిటికీ పక్కన కూర్చుంటే మన మొహమే కనిపిస్తుంది. కెమెరా 720పీ, ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి ఫోనే నయం. స్పీకర్లు అడుగున ఉండటంతో మంచం మీద పెడితే గొంతు నొక్కేసినట్టే. పెద్ద బ్యాటరీతో రెండు కిలోలకి దగ్గర పడుతుంది, చార్జరు అదనం. అందం సంగతి అడగకండి, నల్లటి పెట్టె, మధ్యలో ఎర్రటి చుక్క.

అందరికీ ఇది సరిపోదు. సీఎస్ఈ, ఐటీ, ఈసీఈ, డిగ్రీ కంప్యూటర్స్ పిల్లలకి కళ్ళు మూసుకుని చెబుతాను. మెకానికల్‌లో సాలిడ్‌వర్క్స్, ఆర్కిటెక్చర్‌లో రెవిట్, త్రీడీ యానిమేషన్ లాంటివి నేర్చుకునేవాళ్ళకి విడి గ్రాఫిక్స్ కార్డు లేనిదే పని సాఫీగా సాగదు. వాళ్ళు ఇంకొంత కాలం డబ్బు కూడబెట్టి, దీనికి రెండింతలు పైగా పెట్టి కొత్తదే కొనాలి. మా వీధిలో మెకానికల్ సీటు వచ్చిన అబ్బాయి తండ్రికి ఇదే మాట చెప్పాను. "అమ్మాయికి చూసినట్టే మాకూ ఒకటి చూడండి మాస్టారూ, పాతిక వేలలో" అని ఆయన ఇంకా అక్కడే ఉన్నారు.