రెండేళ్లు వే ప్రోటీన్, ఏడాదిన్నర క్రియాటిన్: ఒక లిఫ్టర్ అనుభవం

నేను వెయిట్‌లిఫ్టర్‌ని. మాది విజయనగరం జిల్లా, కొండవెలగాడకు దగ్గర ఊరు. ఇక్కడ బార్ ఎత్తడం ఆడపిల్లలకు కొత్త కాదు. 2023లో 59 కేజీల విభాగంలో పోటీకి దిగినప్పుడు నాకు 19 ఏళ్లు. ఆ ఏడాదే సప్లిమెంట్లు మొదలుపెట్టాను.

మొదట కొన్నది మాస్ గెయినర్, అంటే బరువు పెంచే పొడి. నెలన్నరలో 3 కేజీలు పెరిగాను. స్నాచ్ (బార్‌ని ఒకే ఊపులో నేల నుంచి తలపైకి ఎత్తడం) మాత్రం ఉన్నచోటే ఉంది, ట్రాక్ ప్యాంటు నడుము దగ్గర బిగిసింది. డబ్బా వెనక చదివితే ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే ఇట్టే అరిగిపోయే పిండిపదార్థం. ఆ పని మా ఇంట్లో అన్నమే చేస్తుంది. కొనొద్దు.

తర్వాత వే ప్రోటీన్, అంటే పాల విరుగుడు నీటి నుంచి తీసిన పొడి. స్కూప్‌కి 24 గ్రాముల ప్రోటీన్. మొదటి రకం కాన్సంట్రేట్, అంటే తక్కువ శుద్ధి చేసినది, దాంతో కడుపు ఉబ్బరం. ఇంకా శుద్ధి చేసిన ఐసొలేట్‌కి మారాక తగ్గింది, ఖర్చు పెరిగింది. ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. నా బరువుకు రోజుకి 90 గ్రాముల పైన ప్రోటీన్ కావాలి. నేను తింటున్నది రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, పప్పు, సాయంత్రం ఒక గుప్పెడు వేరుశనగలు. అంతా కలిపి 50 దాటడం లేదు. పొడిలో మహిమ లేదు, అది ఆ లోటు పూడ్చిందంతే. అమ్మకి చెబితే గుడ్లు నాలుగు చేసింది, ఉలవలు, చేపలు ఎక్కువ పెట్టింది. ఇప్పుడు పోటీలకు ఊరు దాటినప్పుడే స్కూప్ తీస్తాను.

క్రియాటిన్ నిజంగా పనిచేసింది. ఇది మన కండలో ఉండే పదార్థమే, బరువు ఎత్తేటప్పుడు శక్తి అందిస్తుంది, పొడిగా దొరుకుతుంది. ముఖ్యంగా సెట్ చివర్లో. 80 కేజీల ఫ్రంట్ స్క్వాట్ (బార్ భుజాల ముందు పెట్టుకుని కూర్చుని లేవడం) మూడుసార్లకే ఆగిపోయే నేను రెండు నెలల్లో ఐదుసార్లు లేచాను. కానీ నన్ను దెబ్బతీసిందీ అదే. మొదటి వారం రోజుకి 20 గ్రాములు వేసుకున్నాను. జిమ్‌లో బాడీ ఫ్యాట్ మెషిన్ ఎక్కితే కండ 1.3 కేజీలు పెరిగినట్టు చూపించింది. పరుగున వెళ్లి మా కోచ్ సార్‌కి చెప్పాను. "వారంలో కండ పుట్టదమ్మా, అవి నీళ్లు" అన్నారు. ఆ మెషిన్ కొవ్వు కాని ప్రతిదాన్నీ ఒకే ఖాతాలో వేస్తుంది, క్రియాటిన్ కండలోకి లాగిన నీటితో సహా.

నేను పట్టించుకోలేదు. తర్వాతి నెల పోటీలో తూకానికి నిలబడితే 59.4. పోటీకి రెండు గంటల ముందు తూకం మొదలవుతుంది, గంటలో ముగుస్తుంది. రెండు జాకెట్లు వేసుకుని గ్రౌండ్ చుట్టూ పరుగెత్తాను, నోట్లో చుక్క నీళ్లు లేకుండా. మూడోసారి ఎక్కితే 58.95. పాసయ్యాను కానీ కాళ్లలో సత్తువ లేదు. స్నాచ్ మొదటి రెండు ప్రయత్నాలూ పోయాయి. రెండోసారి బార్ వెనక్కి జారుతుంటే పట్టుకునే ఓపిక కూడా లేదు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

అప్పటి నుంచి లోడింగ్, అంటే మొదటి వారం అలా ఎక్కువ మోతాదు వేసుకోవడం, మానేశాను. రోజుకి 3 గ్రాములే. మెల్లగా నాలుగు వారాల్లో అదే ఫలితం వస్తుంది. పోటీల సమయంలో 58 దాటకుండా చూసుకుంటాను. మెషిన్ బదులు సార్ మూడు నెలలకోసారి క్యాలిపర్ అనే పట్టకారు లాంటి సాధనంతో ఏడు చోట్ల చర్మం మడత పట్టి, కింది కొవ్వు మందం కొలుస్తారు. మొత్తం 96 మిల్లీమీటర్ల నుంచి 81కి దిగింది. బరువు దాదాపు అదే. నా శరీరం మారిందని నాకు నమ్మకం ఇచ్చింది ఆ కొలతే.

ఇంకొక మాట. వే, క్రియాటిన్ క్రీడల్లో నిషేధిత మందుల జాబితాలో లేవు. కానీ డబ్బాలో నిషేధిత మందు కలిసి ఉంటే, తెలియక తాగామన్నా నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షలో బాధ్యత మనదే. అందుకే సీలు డబ్బా లేకుండా విడిగా అమ్మే పొడి ముట్టుకోను. ప్రతి బ్యాచ్‌నీ బయటి ల్యాబ్‌లో పరీక్షించిన ముద్ర చూసి కొంటాను, ఖాళీ డబ్బా ఏడాది దాస్తాను. రక్తపరీక్షకు వెళ్తే క్రియాటిన్ వాడుతున్నట్టు డాక్టర్‌కి ముందే చెప్పండి, లేదంటే కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ అంకె ఎక్కువ కనిపించి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంటుంది.

మా హాల్లో 14, 15 ఏళ్ల పిల్లలు నా షేకర్ చూసి "అక్కా, మేమూ కొనాలా?" అని అడుగుతారు. వద్దనే చెబుతాను. పొద్దున్నే చోడి అంబలి, రెండు గుడ్లు తిని వచ్చారా అని అడుగుతాను. చాలామంది ఖాళీ కడుపుతోనే వస్తున్నారు.