ఇంట్లో ఎవరూ లేరనుకున్న థర్మోస్టాట్: 14 నెలల వాడకం తర్వాత

మనుషులు ఇంట్లో ఉన్నదీ లేనిదీ తనే కనిపెట్టి, ఎవరూ లేనప్పుడు హీటింగ్, కూలింగ్ తగ్గించుకునే స్మార్ట్ థర్మోస్టాట్ ఇది. మా గోడ మీదికి వచ్చి 14 నెలలైంది. ఒక చలికాలం, ఒక వేసవి పూర్తిగా చూశాను. రెండో చలికాలం సగంలో ఉండగా రాస్తున్నాను. మంచి వస్తువే, తీసేసే ఉద్దేశం లేదు. అయితే ఇంట్లో పెద్దవాళ్లున్న వాళ్లు కొనేముందు ఒక విషయం తెలుసుకోవాలి. నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మావారు, మా అమ్మ. మా ఇద్దరికీ ఆఫీసులు. అమ్మకు 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. రోజులో ఎక్కువ భాగం తన గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకుంటుంది. ఇంటంతటికీ ఒకటే హీటింగ్ సిస్టమ్, థర్మోస్టాట్ హాల్లో ఉంటుంది.

ఇంతకుముందున్నది ప్రోగ్రామ్ చేసుకునే రకం. ఉదయం ఇంత, మధ్యాహ్నం ఇంత, రాత్రి ఇంత అని మనమే టైములు పెట్టుకోవాలి. ఏళ్ల తరబడి ఉన్నా మేమెప్పుడూ పెట్టలేదు. చాలా ఇళ్లలో ఇదే కథ. అమెరికాలో కరెంటు, ఇంధనం తక్కువ వాడే వస్తువులకు ముద్ర వేసే ప్రభుత్వ కార్యక్రమం ఎనర్జీ స్టార్. అది ఆ రకం థర్మోస్టాట్లకు ఇచ్చే గుర్తింపును 2009 చివర్లో ఆపేసింది. జనం వాటిని సరిగ్గా వాడక, అనుకున్న పొదుపు కనబడకపోవడమే కారణం. మళ్లీ 2017లో స్మార్ట్ రకాలకు గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టింది. హీటింగ్, కూలింగ్ ఖర్చులో సగటున 8 శాతం దాకా మిగులుతుందని వాళ్ల లెక్క. ఆ మాట చూసే నేను కొన్నాను.

బిగించడం కష్టం కాలేదు. ముందు మెయిన్ ఆపేసి, పాతదాని మూత తీసి, ఏ వైరు ఏ అక్షరం దగ్గర ఉందో ఫోన్లో ఫొటో తీసుకున్నాను. ఈ ఫొటో మాత్రం మర్చిపోవద్దు. స్క్రీను, వైఫై ఉన్న పరికరం కాబట్టి దీనికి ఎప్పుడూ కరెంటు అందాలి, అందుకు సీ వైరు కావాలి. మాకు గోడలోపల చుట్ట చుట్టి వదిలేసిన వైరొకటి దొరికింది, దాన్నే సీ వైరుగా వాడుకున్నాం. మీ ఇంట్లో లేకపోతే పెట్టెతోపాటు అడాప్టర్ ఇస్తున్నారో లేదో చూసి కొనండి.

మొదటి వారమంతా సంబరంగానే గడిచింది. రోజూ సాయంత్రం ఆప్ తెరిచి, హీటింగ్ ఎన్ని గంటలు నడిచిందో చూసుకునేదాన్ని. ముందు రోజుకంటే తగ్గితే మావారికి చూపించేదాన్ని.

తొమ్మిదో రోజు సాయంత్రం అయిదున్నరకి నేను తలుపు తీసేసరికి ఇల్లంతా చల్లగా ఉంది. స్క్రీను మీద 16 డిగ్రీలు. మేం మామూలుగా పెట్టుకునేది 21. అమ్మ గదిలోకి వెళ్తే కుర్చీలోనే ఉంది. శాలువా మీద దుప్పటి కప్పుకుని, పుస్తకం ఒళ్లో మూసిపెట్టి, రెండు చేతులూ దుప్పట్లో దాచుకుంది. బయటికి లాగి పట్టుకుంటే వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. "ఫోన్ చెయ్యొచ్చు కదమ్మా" అన్నాను. "కొత్త మిషను పెట్టారు కదా, ఇలాగే ఉంటుందేమో అనుకున్నానే. నువ్వు పనిలో ఉంటావని ఊరుకున్నా" అంది. అంతకుముందు రోజుల్లో కూడా మధ్యాహ్నాలు చలేసిందట. అప్పుడూ చెప్పలేదు.

ఆ రాత్రి కూర్చుని ఇదెలా పనిచేస్తుందో మొత్తం చదివాను.

మా దాంట్లో రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఫోన్. మావారి ఫోనూ నా ఫోనూ ఇంటి పరిధి దాటితే ఇల్లు ఖాళీ అయినట్టు లెక్క. అమ్మకు ఉన్నది ల్యాండ్‌లైన్. కాబట్టి ఆ లెక్కలో అమ్మ అసలు లేదు. రెండోది మోషన్ సెన్సర్. మన ఒంట్లోంచి ఎప్పుడూ కంటికి కనబడని వేడి కిరణాలు, అంటే ఇన్‌ఫ్రారెడ్, వెలువడుతుంటాయి. సెన్సర్ ముందున్న ప్లాస్టిక్ లెన్స్ గదిని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి చూస్తుంది. వెచ్చటి మనిషి ఒక భాగంలోంచి ఇంకో భాగంలోకి కదిలితే వచ్చే మార్పును పట్టుకుంటుంది. మార్పు లేకపోతే దానికేమీ తెలియదు. కదలకుండా కూర్చున్న మనిషికీ ఖాళీ కుర్చీకీ దాని దృష్టిలో పెద్ద తేడా ఉండదు. పైగా గోడల అవతలికి అది చూడలేదు.

ఇంకో సంగతి నాకు అప్పుడే తెలిసింది. అమ్మ గదికి గాజు తలుపు. హాల్లోంచి చూస్తే అమ్మ మనకు చక్కగా కనిపిస్తుంది, సెన్సరుకూ కనిపిస్తుందనే అనుకున్నాను. మర్నాడు పరీక్షించి చూశాను. దగ్గరికెళ్తే వెలిగే స్క్రీను మాది. తలుపు మూసి, గాజు వెనకాల నిలబడి చేతులు ఊపాను. వెలగలేదు. అటూ ఇటూ నడిచాను. వెలగలేదు. తలుపు తెరిచి ఒక్క అడుగు వేశానో లేదో స్క్రీను వెలిగింది. మన ఒంటి నుంచి వచ్చే ఆ ఇన్‌ఫ్రారెడ్ మామూలు గాజులోంచి దూరి రాదు. కంటికి కనిపించినంత మాత్రాన సెన్సరుకు కనిపించాలని లేదు.

ఆప్‌లో మొదటి వారం నేను మురిసిపోయిన ఆ పొదుపు, అమ్మ చలిలో కూర్చున్న గంటలే. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

తర్వాత ఏం చేశానంటే, ఫోన్ల లెక్క పూర్తిగా తీసేశాను. ఈ కంపెనీదే, గదుల్లో పెట్టుకునే చిన్న సెన్సర్ ఒకటి విడిగా దొరుకుతుంది. అది తెప్పించి అమ్మ గదిలో పెట్టాను. ఎక్కడ పెట్టాలన్నది రెండు మూడు రోజులు మార్చి మార్చి చూశాను. మోషన్ సెన్సర్ తనవైపు నేరుగా వచ్చే కదలిక కంటే, అడ్డంగా సాగే కదలికను బాగా పట్టుకుంటుంది. అందుకని కుర్చీకి పక్కన కాకుండా ఎదురుగా, చెయ్యి పేజీ తిప్పే ఎత్తులో, రెండు మీటర్ల లోపు ఉండేలా అల్మరా మీద పెట్టాను. ఇప్పుడు అమ్మ పేజీ తిప్పినా, కళ్లజోడు సర్దుకున్నా అది గుర్తుపడుతోంది. ఎవరూ లేరని తేల్చడానికి మా దాంట్లో రెండు గంటలు ఏ కదలికా ఉండకూడదు. పుస్తకం చదివే మనిషి రెండు గంటలు చెయ్యి కదపకుండా ఉండదు కదా. మధ్యాహ్నం నిద్రపోతే ఎలా అన్న టెన్షన్ ఉండేది, అందుకని ఒకటి నుంచి నాలుగు దాకా సెన్సర్ ఏం చెప్పినా 21 డిగ్రీలు ఉండేలా షెడ్యూల్ పెట్టేశాను.

ఎవరూ లేనప్పటి ఉష్ణోగ్రత కూడా 16 నుంచి 18కి పెంచాను. చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో ఉంది. మిషను ఎప్పుడైనా మళ్లీ పొరబడినా అమ్మ గది అంతకంటే చల్లబడకూడదని.

ఇక పొదుపు. నిజం చెప్పాలంటే, ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే ఇంట్లో ఖాళీ ఇంటిని కనిపెట్టే మిషను వల్ల వచ్చేది తక్కువే. అమ్మ వారానికి రెండు రోజులు తమ్ముడింట్లో ఉంటుంది. ఆ రెండు పగళ్లు, ఇంకా రాత్రిళ్లు తగ్గించుకోవడం వల్లే మాకు బిల్లులో తేడా కనబడుతోంది. రాత్రి పని కూడా షెడ్యూల్‌దే, సెన్సర్‌ది కాదు. అందరం నిద్రలో ఉంటే దానికి ఎలాగూ ఏమీ తెలియదు.

చల్లబడిన ఇంటిని మళ్లీ వేడెక్కించడానికి ఇంకా ఎక్కువ ఖర్చవుతుందని చాలామంది అంటారు, మావారూ అన్నారు. మామూలుగా అలా జరగదు. లోపలికీ బయటికీ తేడా ఎంత ఎక్కువుంటే ఇంట్లోంచి వేడి అంత త్వరగా పోతుంది. ఇల్లు చల్లగా ఉన్నంతసేపూ పోయేదీ తక్కువే, అదే మనకు మిగిలేది. కాకపోతే హీట్ పంప్, అంటే బయటి వేడిని ఇంట్లోకి లాగే మిషను, ఉన్న ఇళ్లలో జాగ్రత్త. ఒకేసారి ఎక్కువ డిగ్రీలు పెంచాల్సి వస్తే సాయంగా ఉండే కరెంటు కాయిల్స్ వెలుగుతాయి, వాటి ఖర్చు ఎక్కువ. వాళ్లు కొద్దిగానే తగ్గించుకోవాలి.

2010లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎనిమిది ఇళ్లలో ఇలాంటి సెన్సర్లు పెట్టి, సగటున 28 శాతం మిగులుతుందని లెక్కగట్టారు. అది చదివి ఇంత తేడా ఎందుకని చూస్తే, వాళ్లు ఇంట్లో చాలాచోట్ల మోషన్ సెన్సర్లు, తలుపులకు సెన్సర్లు పెట్టారు. హాల్లో ఒక్కటి పెట్టి ఇల్లంతా తెలుసుకోమంటే తెలియదు. గదికొకటి చొప్పున కొనగలిగితేనే ఇది తెలివైన వస్తువు.

వేసవిలో ఏ ఇబ్బందీ లేదు. గది సెన్సర్ బ్యాటరీ ఒకసారి అయిపోయింది, ఆప్‌లో ముందే హెచ్చరిక వచ్చింది. ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉంటారన్న సమాచారం కంపెనీ సర్వర్లకు వెళ్తుంది. సెట్టింగుల్లో ఇతరులతో పంచుకునే ఆప్షన్ ఆపేశాను, మీరూ ఆపేయండి.

పగలంతా నిజంగా ఖాళీగా ఉండే ఇల్లయితే, వేళాపాళా లేని ఉద్యోగాలైతే కళ్లు మూసుకుని కొనండి. పెద్దవాళ్లు, పసిపిల్లలు, మంచాన ఉన్నవాళ్లు ఉంటే వాళ్ల గది సెన్సర్ కూడా అదే రోజు కొని, అది పెట్టిన తర్వాతే ఆటోమేటిక్ మోడ్ ఆన్ చేయండి.

తయారుచేసే వాళ్లకు ఒక్క విన్నపం. మొదటి రోజు సెటప్‌లో వైఫై పాస్‌వర్డ్ అడిగారు, ఇల్లు ఎన్ని అడుగులో అడిగారు, మా ఇద్దరి ఫోన్లూ జతచేయమన్నారు. దాంతోపాటు "ఫోన్ లేనివాళ్లు ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని కూడా అడగండి.